డిసెంబరు కరెంటు బిల్లు ఏప్రిల్లోనే కట్టేశానట!

సంపాదకులకు నమస్కారం.

ఇంటి జమాఖర్చులు కంప్యూటర్లో రాసుకుంటే డబ్బు ఎటు పోతోందో తెలుస్తుందని ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో రాశారు. మంచి మాటే. బ్యాంకు స్టేట్‌మెంట్ దించుకుని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుందని కూడా రాశారు. ఆ "ఎక్కిస్తే చాలు" దగ్గరే నేను మూడు రోజులు కూర్చున్నాను, అందుకే ఈ ఉత్తరం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. 22 ఏళ్లుగా టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటాలు, రైతుల పట్టీలు (అమ్మకం లెక్క కాగితాలు), ఇదే పని. చేత్తో చిట్టా, ఆవర్జా రాసిన రోజులు చూశాను, ఇప్పుడు కంప్యూటర్లో బిల్లులు కొట్టే రోజులూ చూస్తున్నాను, కాబట్టి లెక్కలంటే భయం లేదు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చారు కదా, తీరిక దొరికింది, ఊళ్లో అందరి లెక్కలూ రాసేవాడి ఇంట్లో లెక్క లేకపోతే ఎలాగని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, నా జీతం ఖాతా ఏప్రిల్ స్టేట్‌మెంట్‌ను సీఎస్‌వీ ఫైల్‌గా, అంటే గడికీ గడికీ మధ్య కామా పెట్టిన మామూలు అక్షరాల ఫైల్‌గా, దించుకున్నాను.

మొదటి ప్రయత్నంలోనే మొరాయించింది. ఎందుకా అని ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే, లెక్క మొదలయ్యే ముందు 17 వరుసలు ఉన్నాయి: నా పేరు, చిరునామా, బ్రాంచి, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, నామినీ ఉన్నారో లేదో, మధ్యలో రెండు ఖాళీ వరుసలు. చివర్లో "ఇది కంప్యూటర్ తయారుచేసిన పత్రం, సంతకం అవసరం లేదు" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. పాపం సాఫ్ట్‌వేర్ ఆ వాక్యంలో తేదీ వెతుక్కుంటోంది! అదృష్టం కొద్దీ పైన ఎన్ని వరుసలు, కింద ఎన్ని వరుసలు వదిలెయ్యాలో అడిగే గడులు ఇలాంటి వాటిలో ఉంటాయి, గ్నూక్యాష్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో అయితే ఒకసారి చెప్పిన సెట్టింగ్ దాచుకోవచ్చు కూడా. పైన 17, కింద 2 అని పెట్టాను. కదిలింది.

అసలు కథ అప్పుడు మొదలైంది. మొత్తం 46 పద్దుల్లో 27 పద్దులు తేదీ తప్పు అని ఎర్రగా చూపించింది, మిగతా 19 నోరెత్తకుండా లోపలికి వెళ్లిపోయాయి. నేనేం చేశాను, ఎర్రగా ఉన్న ఆ 27 పద్దులూ ఒక్కొక్కటీ చేత్తో సరిదిద్ది ఎక్కించాను. సాయంత్రానికి నిల్వ చూస్తే పైసాతో సహా కలిసింది. గుమాస్తాకు అంతకంటే ఏం కావాలి, కంప్యూటర్ మూసేసి అరండల్‌పేట దాకా వెళ్లి టీ తాగి వచ్చాను.

మర్నాడు పొద్దున మా ఆవిడ ఆ నెలవారీ లెక్క చూసి, "ఏప్రిల్లో అద్దె ఎగ్గొట్టారా ఏంటి?" అంది. నిజమే, ఏప్రిల్లో అద్దె లేదు. 5వ తేదీన ఇచ్చిన అద్దె మే 4న పడి ఉంది. ఒకటో తేదీ కిరాణా జనవరి 4లో ఉంది. 12వ తేదీన కట్టిన కరెంటు బిల్లయితే ఇంకా రాని డిసెంబరు నెల 4వ తేదీకి వెళ్లి కూర్చుంది. 4వ తేదీ పాలవాడి పద్దు ఒక్కటే అటు తిప్పినా ఇటు తిప్పినా ఏప్రిల్ 4 కాబట్టి ఉన్నచోటే ఉంది.

సంగతేమిటంటే మనం ముందు రోజు రాసి తర్వాత నెల రాస్తాం, అమెరికా వాళ్లు ముందు నెల రాస్తారు. నా ల్యాప్‌టాప్ కొన్నప్పటి నుంచీ రీజియన్ (ఏ దేశమో చెప్పే సెట్టింగ్) అమెరికాగానే ఉండిపోయింది, సాఫ్ట్‌వేర్ దాన్నే పట్టుకుంది. 13వ నెల, 20వ నెల ఉండవు కాబట్టి 13 నుంచి 30 దాకా ఉన్న తేదీలకు గోల పెట్టింది. 1 నుంచి 12 దాకా దానికి ఏ అనుమానమూ రాలేదు. అంటే గోల చేసిన 27 పద్దులూ మంచివే, నన్ను నిలువునా ముంచినవి నోరెత్తని ఆ 19. పైగా మొత్తాలు ఎక్కడా మారలేదు, తేదీలే మారాయి, కాబట్టి మొత్తం నిల్వ కలిసి తీరుతుంది! అప్పటి నుంచి మొత్తం నిల్వ చూడ్డం మానేసి, ఏప్రిల్ 30వ తేదీ నాటికి సాఫ్ట్‌వేర్లో నిల్వ ఎంత, బ్యాంకు కాగితంలో ఎంత, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. చిట్టాలో ఏ రోజు నిల్వ ఆ రోజే కట్టేవాళ్లం, ఆ అలవాటును ఈ కంప్యూటర్ వచ్చాక నేనే వదిలేశాను.

హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడి కొడుక్కి ఫోన్ చేస్తే వాడు మొదట అడిగిన మాట, "పెదనాన్నా, మధ్యలో ఎక్సెల్లో తెరిచారా?" తెరిచాను నాయనా, ఊరికే చూద్దామని. "గడిలో తేదీలు కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు ఉన్నాయా?" మళ్లీ తెరిచి చూశాను. సరిగ్గా 12 దాకా కుడివైపు అంటుకుని ఉన్నాయి, 13 నుంచి ఎడమవైపు. ఎక్సెల్ తేదీ అని నమ్మినవాటిని కుడికి జరుపుతుందట, అర్థంకాని వాటిని మామూలు అక్షరాల్లాగా ఎడమకు వదిలేస్తుందట. ముందురోజు ఆ ఫైలే తెరిచి పది నిమిషాలు చూసి కూడా నాకిది కనపడలేదు.

వాడింకో మాట చెప్పాడు, ఇది అందరూ గుర్తు పెట్టుకోదగ్గది. చూడ్డానికి తెరిచిన సీఎస్‌వీని ఎక్సెల్లో సేవ్ చెయ్యకూడదు. యూపీఐ రిఫరెన్స్ నంబరు 12 అంకెలు, ఎక్సెల్ అంత పొడుగు అంకెను 4.12 పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన 11 అని కుదించి చూపిస్తుంది, సేవ్ కొడితే ఆ కుదించిందే ఫైల్లోకి వెళ్తుంది. అసలు నంబరు పోయినట్టే, మళ్లీ బ్యాంకు నుంచి దించుకోవాల్సిందే. అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా ఒక కాపీ తీసి దాని మీద కుస్తీ పట్టడం మేలు.

మా ఇంట్లో ఇంకో బ్యాంకు ఖాతా ఉంది, మా ఆవిడ పేరు మీద. దాంట్లోంచి అమ్మాయి కాలేజీ ఫీజు 1,25,000.00 కట్టాం. సీఎస్‌వీ అంటేనే కామా దగ్గర గడి మారుతుందని అర్థం, మరి మన లక్షల్లోనే రెండు కామాలు ఉంటాయాయె, అలాంటప్పుడు ఆ అంకెకు రెండువైపులా కొటేషన్ గుర్తులు పెట్టాలి. ఆ బ్యాంకు పెట్టలేదు. దాంతో 1 ఖర్చు గడిలో, 25 జమ గడిలో, 000.00 నిల్వ గడిలో పడ్డాయి. మా అమ్మాయి ఫీజు ఒక్క రూపాయి, పైగా కాలేజీవాళ్లే 25 రూపాయలు ఎదురిచ్చారు! నవ్వొచ్చింది గానీ, ఖాతాలో నిల్వ సున్నా అని చూసి మా ఆవిడ టెన్షన్ పడింది.

మూడో బ్యాంకుది ఇంకో రకం. ఎక్స్‌ఎల్‌ఎస్ అని పేరుంటుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఇది ఎక్సెల్ ఫైల్ కాదు పొమ్మంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల ఉన్నది వెబ్‌పేజీ, హెచ్‌టీఎంఎల్. పేరు ఎక్సెల్, సరుకు వేరే. మా యార్డులో మచ్చుకు ఒక కాయ చూపించి బస్తాలో ఇంకో కాయ పోస్తే ఊరుకుంటారా?

ఇంకా పీడీఎఫ్ మాత్రమే ఇచ్చే వాళ్ల గురించి ఒక్క మాట. పీడీఎఫ్‌ను సీఎస్‌వీగా మార్చి ఇస్తామనే ఉచిత సైట్లు బోలెడున్నాయి. బ్యాంకు స్టేట్‌మెంట్‌ను, దాని పాస్‌వర్డ్‌తో సహా, ఎవరిదో తెలియని సైట్‌లో పెట్టకండి. చాలా బ్యాంకుల పాస్‌వర్డ్ మన పేరులో నాలుగు అక్షరాలు, పుట్టినతేదీ కలిపి ఉంటుంది, అంటే లెక్కతో పాటు అది కూడా వాళ్ల చేతిలో పెట్టినట్టే. నెట్ సెంటర్ కుర్రాడికి పెన్‌డ్రైవ్ ఇచ్చి "కొంచెం మార్చి పెట్టు బాబూ" అనడం కూడా అంతే.

ఇంత తంటా అవసరమా అని నా ప్రశ్న. బ్యాంకు ఫైల్‌కు పద్ధతి లేక కాదు. 1997లోనే మైక్రోసాఫ్ట్, ఇంట్యూట్, చెక్‌ఫ్రీ అనే కంపెనీలు కలిసి ఓఎఫ్‌ఎక్స్ అని ఒక పద్ధతి తెచ్చాయి. అందులో తేదీ ఏడాది, నెల, రోజు వరుసలో ఒకే ముద్దగా ఉంటుంది, మే 4ను ఏప్రిల్ 5 అనుకునే వీల్లేదు. ప్రతి పద్దుకూ ఒక ప్రత్యేక నంబరు ఉంటుంది కాబట్టి ఏప్రిల్ 1 నుంచి 30 ఒకసారి, ఏప్రిల్ 25 నుంచి మే 25 ఇంకోసారి ఎక్కించినా ఆ ఆరు రోజుల పద్దులు రెండుసార్లు పడవు, సాఫ్ట్‌వేర్ నంబరు చూసి వదిలేస్తుంది. సీఎస్‌వీలో ఆ సౌకర్యం లేదు, నేను ఒకే కిరాణా బిల్లును రెండుసార్లు కట్టినట్టు చూసుకుని కొట్టువాడితో గొడవకు వెళ్లబోయాను. మా ఇంట్లో ఉన్న మూడు ఖాతాల్లో ఒక్కదానికీ ఓఎఫ్‌ఎక్స్ బటన్ లేదు. క్యూఐఎఫ్ అని ఇంకా పాతది ఒకటుంది, అందులో ఒక్కో వరుస ఒక్కో అక్షరంతో మొదలవుతుంది, కానీ రోజు ముందా నెల ముందా అన్నది ఆ ఫైల్ చెప్పదు, కాబట్టి మళ్లీ నా డిసెంబరు కరెంటు బిల్లు కథే.

ఇంకో సంగతి. రిజర్వ్ బ్యాంకు 2016లో అకౌంట్ అగ్రిగేటర్లకు, అంటే మన ఖాతా వివరాలను మన అనుమతితో ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు చేర్చేవాళ్లకు, నిబంధనలు పెట్టింది, 2021 సెప్టెంబరు నుంచి ఆ ఏర్పాటు నడుస్తోంది. మనం ఫోన్లో ఒప్పుకుంటే మన ఖాతా వివరాలు అప్పిచ్చే సంస్థకు ఒక పద్ధతిలో, యంత్రం చదివేలా, నిమిషాల్లో వెళ్తాయి. బాగుంది. నాకు అప్పిచ్చేవాడికి నా లెక్క శుభ్రంగా వెళ్తుంది, ఖాతా నాది కదా, నాకేమో 17 వరుసల లెటర్‌హెడ్, సంతకం అక్కర్లేదన్న వాక్యం, కామాల్లో ముక్కలైన లక్ష. ఆ ఫైల్ నాక్కూడా ఇస్తే బ్యాంకులకు పోయేదేముంది?

నేనడిగేది పెద్దదేం కాదు. కాగితం మీద చూసుకోవడానికి పీడీఎఫ్ ఇవ్వండి, దాంట్లో లోగోలు, చిరునామాలు, ప్రకటనలు ఎన్నైనా పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే ఫైల్లో మాత్రం మొదటి వరుసలో గడుల పేర్లు, రెండో వరుస నుంచి లెక్క, తేదీ ఏడాదితో మొదలుపెట్టి, అంకెల్లో కామాలు లేకుండా, ప్రతి పద్దుకూ ఒక నంబరు. ఇది నేను యార్డులో రైతుకు రాసే పట్టీ కంటే తేలిక పని.

నిన్న రాత్రి మే నెల స్టేట్‌మెంట్ దించుకున్నాను. దాచుకున్న సెట్టింగ్‌తో ఎక్కించబోతే మళ్లీ మొరాయించింది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి లెక్కపెట్టాను. ఈసారి పైన 19 వరుసలున్నాయి, కొత్తగా చేరిన రెండు వరుసల్లో బంగారం మీద లోను తీసుకోమని ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు.