లెమ్యూ కథ నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు

పిట్స్‌బర్గ్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

ముందుగా క్షమించు. సంక్రాంతి ముందు రాసిన నీ ఉత్తరానికి ఇప్పుడా జవాబు అని తిట్టుకునే ఉంటావు. తిట్టు, పడతాను. ఆఫీసు హడావిడి, పిల్లాడికి జ్వరం, మధ్యలో అమ్మని డాక్టర్ల చుట్టూ తిప్పడం, ఇలా గడిచిపోయింది. ఇప్పుడందరం బాగున్నాం. పోయిన వారం పెన్ హిల్స్ వెంకన్న గుడికి వెళ్లి మీ అందరి పేర్లా అర్చన చేయించాం. పొలం కాగితాల సంగతి నాన్నతో మాట్లాడాను, నువ్వన్నట్టే చేద్దామన్నారు. మీ చెల్లెలు మాగాయ అందిందని రాయమంది. అంతే, ఇంటి కబుర్లు అయిపోయాయి.

ఇక అసలు సంగతి. మొన్న శుక్రవారం రాత్రి ఐస్ హాకీ మ్యాచ్‌కి వెళ్లాను. పెంగ్విన్స్ అని, ఈ ఊరి టీమ్. నీతో చెప్పాలన్నది మ్యాచ్ గురించి కాదు. మారియో లెమ్యూ అనే ఒక మనిషి గురించి. విన్న దగ్గర్నుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది. మీ చెల్లెలికి చెప్పాను, అమ్మకి చెప్పాను, చివరికి గుడిలో ప్రసాదం లైన్లో నిలబడ్డ వాళ్లకి కూడా చెప్పాను. అయినా నీకు చెప్పకపోతే చెప్పినట్టే అనిపించడం లేదు.

మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గర పడ్డ పెద్దాయన ఒకాయన ఉన్నాడు. వాళ్ల నాన్న ఇక్కడి ఉక్కు మిల్లులో పనిచేశాడట. నన్ను తీసుకెళ్లింది ఆయనే. లోపల చలి మోకాళ్ల దాకా ఎక్కుతుంది. గడ్డకట్టిన నల్ల రబ్బరు బిళ్ల, దాన్ని పక్ అంటారు, అంచు చెక్కలకి తగిలినప్పుడల్లా తుపాకీ పేలినట్టు చప్పుడు. ఆటగాళ్లు ముప్పావు నిమిషం, మహా అయితే నిమిషం ఆడి గోడ దూకి బెంచీ మీదకి వచ్చేస్తారు, ఆట ఆగకుండానే ఇంకొకళ్లు దూకేస్తారు. ఆ నిమిషాన్ని షిఫ్ట్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ పనికొస్తుంది. ఆట మూడు భాగాలు. మధ్యలో మంచుని నున్నగా చేసే బండి తిరుగుతుంటే, ఆ విరామంలో పెద్దాయన మొదలుపెట్టాడు.

1984లో పెంగ్విన్స్ ఎన్‌హెచ్‌ఎల్ అనే ఇక్కడి పెద్ద హాకీ లీగ్ మొత్తంలో ఆఖరి టీమ్. స్టేడియం సగం ఖాళీ. అంతకుముందు 1975లో ఒకసారి దివాలా తీసి, పన్ను బకాయిలకి ప్రభుత్వం వాళ్లు వచ్చి ఆఫీసుకి తాళం వేసిన చరిత్ర కూడా ఉంది. అట్టడుగున ఉన్న టీముకి కొత్త కుర్రాళ్లలో మొదట ఎంచుకునే హక్కు దక్కుతుంది. అలా దొరికాడు లెమ్యూ. మాంట్రియల్ కుర్రాడు, పద్దెనిమిదేళ్లు, ఆరడుగుల నాలుగంగుళాలు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఆ అక్టోబరులో బోస్టన్‌లో మొదటి మ్యాచ్. మొదటి షిఫ్ట్. అవతల రే బోర్క్ అని, ఆ కాలంలో డిఫెన్సుకి పెట్టింది పేరు. ఆయన దగ్గరే పక్ లాక్కుని ఒక్కడే పరిగెత్తి గోల్ కొట్టాడు. పెద్ద లీగులో అతను కొట్టిన మొట్టమొదటి షాటే గోల్! మన కాలేజీ గ్రౌండులో "ఆకుపచ్చ చొక్కా" రోజు నువ్వు అరిచిన అరుపు ఉంది చూడు, ఇది వింటే మళ్లీ అలా అరుస్తావు.

1991లో, 1992లో వరసగా రెండుసార్లు స్టాన్లీ కప్, అంటే ఆ లీగ్ విజేతకి ఇచ్చే కప్పు, గెలిచారు. 91లో ఆఖరి మ్యాచ్ 8-0! అదీ నడుం ఆపరేషన్ అయిన మనిషితో. వంగి స్కేట్ల తాళ్లు కట్టుకోలేకపోతే పక్కవాళ్లు కట్టేవారట, అప్పుడు మంచు మీదకి దిగేవాడట.

బావా, ఇక్కడ నిమ్మళంగా చదువు.

1993 జనవరి. లీగ్ అంతట్లో అందరికంటే ముందున్నాడు, పాత రికార్డులు బద్దలవుతాయని జనం లెక్కలు వేసుకుంటున్నారు. హాడ్జ్‌కిన్స్ అన్నారు డాక్టర్లు. క్యాన్సర్. ఇరవయ్యేడేళ్లు. ఆట ఆగిపోయింది, రేడియేషన్ మొదలైంది. మార్చి 2న పొద్దున ఆఖరి రేడియేషన్. అది చేయించుకుని, విమానమెక్కి ఫిలడెల్ఫియా వెళ్లి, ఆ రాత్రే మ్యాచ్ ఆడాడు. గోల్ కొట్టాడు, ఇంకో గోల్‌కి అందించాడు. పెంగ్విన్స్ 5-4తో ఓడిపోయారులే. కానీ ఫిలడెల్ఫియా అంటే ఈ ఊరికి బద్ధశత్రువు. ఆ జనం పిట్స్‌బర్గ్ వాడికి చప్పట్లు కొట్టడం కలలో మాట. అలాంటి వాళ్లు లెమ్యూ మంచు మీదకి రాగానే మొత్తం స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. పెద్దాయన అది టీవీలో చూశాడు. చెప్తూ చెప్తూ ఆపేశాడు. ఆ లోపల మంచు బండి వెళ్లిపోయింది, ఆటగాళ్లు వచ్చారు, ఆయన మాత్రం అటు చూడడం లేదు. నేనూ ఏమీ అడగలేదు.

మనకి రామారావు మాస్టారు గుర్తురాలేదంటే అబద్ధం. ఆఖరి రోజుల్లో కూడా ఆసుపత్రి నుంచి నేరుగా క్లాసుకి వచ్చి... సరే, ఇప్పుడు వద్దు. అది కలిసినప్పుడే మాట్లాడుకుందాం.

ఆ సీజన్ ఎలా ముగిసిందో విను. లెమ్యూ మంచంలో ఉన్నంత కాలం బఫెలో టీమ్‌లో లాఫాంటెన్ అనేవాడు పాయింట్లలో దాటిపోయాడు. గోల్ కొట్టినా ఒక పాయింటు, గోల్‌కి పాస్ ఇచ్చినా ఒక పాయింటు, లెక్క అది. లెమ్యూ తిరిగొచ్చి పట్టుకుని దాటేశాడు. 60 మ్యాచ్‌లే ఆడి 160 పాయింట్లు! అవతలివాడికి 148. టీమ్ వరసగా 17 మ్యాచ్‌లు గెలిచింది. ఇంతా చేసి ఆ ఏడాది కప్ రాలేదు. రెండో రౌండులోనే ఐలాండర్స్ చేతిలో ఓడిపోయారు. నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ముప్పై ఏళ్ల నాటి మ్యాచ్‌కి ఇప్పుడు బాధపడుతున్నాడేమిటి వీడు అనుకుంటావేమో, పడుతున్నాను మరి.

1997లో ఆట మానేశాడు. అసలు కథ దీని తర్వాతే ఉంది.

టీమ్‌కి డబ్బు చాలక లెమ్యూ జీతంలో పెద్ద భాగం "తర్వాత ఇస్తాం" అని వాయిదాలు వేస్తూ వచ్చారు. 1998లో టీమ్ రెండోసారి దివాలా తీసింది. అప్పులవాళ్లంతా కోర్టులో వరసకట్టారు. ఆ వరసలో అందరికంటే ఎక్కువ రావలసింది ఎవరికో తెలుసా? మూడు కోట్ల డాలర్ల పైచిలుకు బకాయితో లెమ్యూకి! టీమ్‌ని వేరే ఊరికి అమ్మేస్తారనీ, అసలు మూసేస్తారనీ పుకార్లు. దక్కినంత తీసుకుని తప్పుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆయన నాకు డబ్బు వద్దు, టీమ్ ఇవ్వండి అన్నాడు. బకాయిలో ఎక్కువ భాగాన్ని వాటాగా మార్చుకుని, ఇంకొందరు పెట్టుబడిదారులని కూడగట్టి, 1999లో పగ్గాలు తీసుకున్నాడు. ఎక్కడికీ తరలించను, ఇక్కడే ఉంచుతానన్నాడు.

కూలిపోతున్న ఇంట్లో అద్దెకున్నవాడు అడ్వాన్సు తిరిగి అడక్కుండా ఇల్లే కొనుక్కుని రిపేరు చేయించినట్టు లేదూ?

ఆగు, అయిపోలేదు. 2000 డిసెంబరు 27. యజమాని మళ్లీ స్కేట్లు కట్టాడు! తాను ఆడే రోజులు చిన్నవాడైన కొడుక్కి గుర్తులేవు, వాడు కళ్లారా చూడాలని. ఆయన మీద గౌరవంతో 66 నంబరు ఇంకెవ్వరికీ ఇవ్వమని ఆ జెర్సీ బొమ్మని పైకప్పుకి వేలాడదీశారు. ఆ రాత్రి దాన్ని కిందికి దించారు. టొరంటోతో మ్యాచ్. మొదలై 33 సెకన్లు, అంటే మొదటి షిఫ్ట్, చెప్పానుగా గుర్తుపెట్టుకోమని, లెమ్యూ పాస్ ఇచ్చాడు, అదే టీమ్‌లోని యాగర్ గోల్ కొట్టాడు. తర్వాత తనూ ఒకటి కొట్టాడు. 5-0. పెద్దాయన ఆ రాత్రి స్టేడియంలో ఉన్నాడట. పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషిని కావలించుకుని ఏడ్చానన్నాడు.

బావా, ఈ ఊరివాళ్లకి టీమ్ పోవడమంటే ఎందుకంత భయమో కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే తెలిసినట్టు. 1925లోనే ఇక్కడ పైరేట్స్ అని ఒక ఐస్ హాకీ టీమ్ ఉండేది. అయిదేళ్లకి డబ్బు చాలక ఫిలడెల్ఫియాకి వెళ్లిపోయింది. అక్కడ పేరు మార్చుకుని ఒక్క ఏడాది ఆడి, 44 మ్యాచ్‌లలో 4 గెలిచి, మూతపడిపోయింది. తర్వాత ముప్పై ఏడేళ్లు ఈ ఊరికి పెద్ద లీగులో హాకీ టీమే లేదు, 1967లో పెంగ్విన్స్ వచ్చేదాకా. ఆ పాత టీమ్ చేసిపోయిన మేలు ఒకటుంది. ఈ ఊళ్లో ఫుట్‌బాల్‌కీ బేస్‌బాల్‌కీ నలుపూ బంగారమే రంగులు, ఊరి జెండా కూడా అదే. పెంగ్విన్స్ ఒక్కళ్లే నీలం వేసుకునేవారు. 1980లో వాళ్లూ నలుపు-బంగారం అంటే బోస్టన్ అడ్డం పడింది, అవి మా రంగులు అని. వీళ్లు 1920ల నాటి పైరేట్స్ చొక్కాలు చూపించారు. గెలిచారు. శుక్రవారం నా చుట్టూ పసిపిల్లల నుంచి ముసలమ్మల దాకా అందరూ ఆ రంగులే.

ఇక ఫుట్‌బాల్, అంటే ఇక్కడి ఫుట్‌బాల్, స్టీలర్స్. 1933లో ఆర్ట్ రూనీ అనే ఆయన 2,500 డాలర్లు కట్టి పెట్టిన టీమ్. అదీ మొదట్లో పైరేట్సే! 1940లో స్టీలర్స్ అయింది. నలభై ఏళ్లు ఒక్క కప్ లేదు. యుద్ధంలో ఆటగాళ్లు దొరక్క 1943లో ఫిలడెల్ఫియా టీమ్‌తో కలిసి ఒకే టీమ్‌గా ఆడారు, మరుసటి ఏడాది షికాగో వాళ్లతో కలిసి పదికి పది ఓడిపోయారు. అయినా రూనీ టీమ్‌ని వదల్లేదు. 1972 డిసెంబరు 23న ప్లేఆఫ్‌లో, అంటే ఓడితే ఇంటికే అనే మ్యాచ్‌లో, ఇంకా 22 సెకన్లే ఉన్నాయి, ఓడిపోతున్నారు. పాపం రూనీ కుర్రాళ్లని ఓదారుద్దామని లిఫ్టులో కిందికి దిగుతున్నాడు. అప్పుడు బంతి ఇద్దరు గుద్దుకున్న చోట నుంచి ఎగిరి వెనక్కి వస్తే, నేలకి తగిలేలోపు స్టీలర్స్ ఆటగాడు ఫ్రాంకో హారిస్ అందుకుని పరిగెత్తేశాడు. గెలిచారు! నలభై ఏళ్లు ఎదురుచూసిన మనిషి ఆ ఒక్క క్షణం చూడలేకపోయాడు. దీని తర్వాతే సూపర్ బౌల్స్, అంటే ఇక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ విజయాలు, ఇప్పటికి ఆరు. నువ్వు వస్తే ఎయిర్‌పోర్టులో మొట్టమొదట కనపడేది ఆ ఫ్రాంకో బొమ్మే, వంగి బంతి అందుకుంటూ. పక్కన జార్జ్ వాషింగ్టన్. ఇద్దరికీ సమాన గౌరవం!

ఉక్కు మిల్లులు మూతపడ్డాక పెద్దాయన అన్నదమ్ములిద్దరూ పని వెతుక్కుంటూ దూరాలకి పోయారట. ఇప్పటికీ వాళ్ల ఫోను మాటలు మొదలయ్యేది టీమ్‌తోనేట. ఇది విన్నాక నాకు మనిద్దరి ఫోన్లు... ఆ, అదేరా, "స్కోరెంత" సంగతి.

అరె, ముఖ్యమైనది మర్చిపోతున్నాను. క్రాస్బీ! 2005లో మళ్లీ టీమ్ అట్టడుగున ఉన్నప్పుడు కొత్త కుర్రాళ్లని మొదట ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో దొరికిన, పద్దెనిమిది నిండబోతున్న కుర్రాడు. ఎక్కడ ఉండాలంటే లెమ్యూ సొంత ఇంట్లో పెట్టుకున్నాడు, తన పిల్లలతో పాటు. ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. 2009లో ఆ కుర్రాడే కెప్టెన్, లెమ్యూ యజమాని, మళ్లీ కప్. అదే ఏడాది ఫిబ్రవరిలో స్టీలర్స్ సూపర్ బౌల్ కూడా గెలిచారు, అంటే ఒక్క ఊరు నాలుగున్నర నెలల్లోపే రెండు... ఆ హాకీ కప్ ఆఖరి మ్యాచ్ డెట్రాయిట్‌లో, 2-1, చివరి సెకన్లలో గోలీ, అంటే గోల్ కాపలావాడు, అడ్డం దూకడం పెద్దాయన నాకు కుర్చీలోంచి లేచి మరీ చేసి చూపించాడు, అది నీకు వివరంగా

బావా, పిల్లాడిని ఈతకి దింపాలి, మీ చెల్లెలు కారులో కూర్చుని హారన్ కొడుతోంది. డెట్రాయిట్ సంగతి వచ్చే ఉత్తరంలో. పొలం కాగితాల జిరాక్సులు త్వరగా పంపు. చెల్లెమ్మనీ పిల్లలనీ అడిగానని చెప్పు.

నీ
పొడుగోడు