సీయూఈటీ నిబంధనలు ఒక్కచోట పెట్టించండి: ఉన్నత విద్యాధికారికి బహిరంగ లేఖ

ప్రవేశాల బాధ్యత చూస్తున్న ఉన్నత విద్యాధికారి గారికి,

నమస్కారం. మా వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక నలుగురి ముందూ రాస్తున్నాం.

కేంద్రీయ, ఇతర యూనివర్సిటీల్లో డిగ్రీ ప్రవేశాలకు పెట్టే ఉమ్మడి పరీక్ష సీయూఈటీ యూజీ. 2025లో దాని తీరు మారింది. గరిష్ఠంగా ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానికి 60 నిమిషాల్లో 50 ప్రశ్నలు, ఛాయిస్ లేదు. ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు ఒకటి కోత. దీంతో పేచీ లేదు. తంటా అంతా సబ్జెక్టుల ఎంపిక దగ్గరే.

పన్నెండో తరగతిలో చదవని సబ్జెక్టూ రాయొచ్చంటుంది పరీక్ష నిబంధన. ఢిల్లీ యూనివర్సిటీ మాత్రం పన్నెండులో చదివి పాసైన సబ్జెక్టులనే లెక్కలోకి తీసుకుంటుంది. బెంగళూరులో పీయూసీ (మన ఇంటర్ లాంటిది) పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ చదివిన తెలుగమ్మాయి బీఏ కోసం చరిత్ర పేపరు రాసిందనుకోండి. ఎంత స్కోరొచ్చినా అక్కడ ఆ పేపరు చెల్లదు. సీటుకు దరఖాస్తు నింపేటప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. అప్పటికి సబ్జెక్టు మార్చుకునే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఏడాది కష్టం ఒక్క గడిలో పెట్టిన టిక్కుతో పోతుంది.

ప్రైవేటు యూనివర్సిటీలది మరో దారి. కొన్ని ఈ స్కోరు తీసుకుంటాయి, కొన్ని సొంత పరీక్ష పెట్టుకుంటాయి. ఫలితాలేమో 2024లో జులై 28న, 2025లో జులై 4న వచ్చాయి. అంతదాకా ఆగలేక తల్లిదండ్రులు అప్పు చేసి ఎక్కడో ఒకచోట ఫీజు కట్టేస్తున్నారు.

దరఖాస్తులు తెరవకముందే ప్రతి కాలేజీ, ప్రతి కోర్సు షరతులు ఒకే పట్టికలో పెట్టించండి: ఏ సబ్జెక్టులు కావాలి, అవి పన్నెండులో చదివి ఉండాలా, స్కోరు తప్పనిసరా కాదా. ఆ తర్వాత ఎవరూ వాటిని మార్చకూడదు. పొసగని సబ్జెక్టు ఎంచుకుంటే ఫారమే అక్కడికక్కడ హెచ్చరించాలి. పరీక్ష 13 భాషల్లో పెడుతున్నారు కదా, పట్టిక తెలుగులోనూ ఉండాలి.

ఇట్లు,
బెంగళూరులో తెలుగు విద్యార్థుల దరఖాస్తులు చూసే ఉపాధ్యాయులం