మ్యాపులో దుకాణానికి కప్పం కట్టనక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో 22 ఏళ్లుగా మిక్సీలు, గ్రైండర్లు, కుక్కర్లు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతున్నాను. "గూగుల్‌లో మీ షాపు ముందు వరుసలో కనబడేలా చేస్తాం, ఏడాదికి ఇంత కట్టండి" అంటూ మా బజారులోని దుకాణదారులకు ఈ మధ్య తరచూ ఫోన్లు వస్తున్నందువల్ల, నా అనుభవం తోటి వ్యాపారులకు పనికొస్తుందన్న ఆశతో ఈ లేఖ రాస్తున్నాను.

నిరుడు నేనూ ఒకరికి రూ.6,000 సమర్పించుకున్నాను. ఆయన చేసిందల్లా దుకాణం పేరు చివర "తెనాలిలో బెస్ట్ మిక్సీ రిపేర్" అని తగిలించడం. బోర్డు మీద ఉన్న పేరే ప్రొఫైల్‌లోనూ, అంటే గూగుల్‌లో దుకాణం వివరాలు కనబడే పేజీలోనూ, ఉండాలని, ఇలాంటి తోకలు తగిలిస్తే ప్రొఫైల్‌నే నిలిపివేయవచ్చని గూగుల్ నిబంధనల్లో ఉన్న సంగతి నాకు ఆ తరవాత గాని తెలియలేదు. అడిగినదానికి దుకాణం ఎంతవరకు సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది అన్న మూడింటిని బట్టే ఎవరు ముందు కనబడాలో తేలుతుందని, ఆ స్థానాన్ని డబ్బుకు ఇవ్వబోమని ఆ సంస్థే చెబుతోంది. ప్రకటనల సంగతి వేరు. వాటి మీద ఆ ముద్ర ఉంటుంది.

అసలు లోపమంతా మా దగ్గరే ఉంది. మొదట నమోదు చేసినప్పుడు మా అబ్బాయి విభాగం దగ్గర "ఎలక్ట్రానిక్స్ దుకాణం" అని ఎంచాడు. దాంతో టీవీ ధరలు అడిగే ఫోన్లు వచ్చేవే గాని, మిక్సీ జారు బ్లేడు అరిగిపోయినవాళ్లకు మేం కనబడేవాళ్లం కాదు. మ్యాపులో గుర్తేమో వెనక సందులోని బియ్యం గోడౌను మీద పడింది. ఒక పెద్దావిడ గ్రైండరు గిన్నె ఒడిలో పెట్టుకుని ఆటోలో ఆ సందు రెండుసార్లు చుట్టి, చివరికి టీకొట్టులో అడిగి వచ్చారు. "ఫోన్లో దుకాణం ఒకచోట, మీరొకచోటా?" అని ఆవిడ దెప్పితే నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారమే ఇద్దరం కూర్చుని విభాగాన్ని మరమ్మతులకు మార్చి, గుర్తును మా గుమ్మం ముందుకు జరిపి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మూసి ఉంచుతామన్న మాటనూ, పండగ రోజుల వేళలనూ చేర్చాం. మా ఊళ్లో డోరు నంబరు చూసుకుని వచ్చేవారు అరుదు కనుక, బోర్డూ ఎదురుగా ఉన్న వేపచెట్టూ కలిసి కనబడేలా పగటిపూట తీసిన ఫొటో పెట్టాం. పైసా ఖర్చు కాలేదు. మంచి రివ్యూ రాస్తే బిల్లులో తగ్గిస్తామనడం కూడా నిబంధనలకు విరుద్ధమే కాబట్టి ఆ ఆలోచన మానుకున్నాం. కుక్కరు గాస్కెట్ వారానికే వదులైందని ఒకరు రాస్తే, దాచకుండా అక్కడే బదులిచ్చి కొత్తది వేసిచ్చాం.

మరో జాగ్రత్త ఉంది. మా పక్క మిఠాయి దుకాణం ప్రొఫైల్‌ను ఏజెంటు తన ఈమెయిల్‌తో తెరిచాడు. ఇప్పుడు ఫోను నంబరు మార్చాలన్నా ఆయననే బతిమాలాల్సి వస్తోంది. యాజమాన్యం తమకు అప్పగించమని గూగుల్‌లోనే అభ్యర్థన పెట్టుకోవచ్చు. ఖాతా చేతిలో ఉన్నవారికి జవాబిచ్చేందుకు మూడు రోజుల గడువుంటుంది. ఈ సంగతి చాలామంది వ్యాపారులకు తెలియదు.

పురపాలక సంఘం గాని, వర్తక సంఘాలు గాని ఒక్కపూట ఈ పని నేర్పే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆదివారం మధ్యాహ్నమైతే మా బజారువాళ్లమంతా వస్తాం.

– ఒక మిక్సీ మరమ్మతుల దుకాణదారు, తెనాలి