అమీర్‌పేట సర్వే లెక్కల గురించి

హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

అమీర్‌పేటలో మెట్రో, బస్సుల ఎంపికలో స్త్రీ పురుషుల మధ్య తేడా ఉందా అని నువ్వు చేస్తున్న సర్వే పట్టిక చూశాను. గళ్లన్నింటిలోనూ శాతాలే ఉన్నాయి. ఇలాంటి తేడా నిజమైనదా, కాకతాళీయమా అని చూసే కై-స్క్వేర్ పరీక్షకు కావలసింది మనుషుల సంఖ్య తల్లీ. ఎందుకో ఒక ఊహాత్మకమైన లెక్కతో చెబుతాను.

వందమంది స్త్రీలలో 45 మంది, వందమంది పురుషులలో 60 మంది మెట్రో అన్నారనుకో, మిగిలినవారు బస్సు. ఈ ఎంపికకు స్త్రీ పురుష భేదంతో సంబంధం లేదన్న శూన్య పరికల్పన నిజమైతే, మెట్రో ఎక్కేవారు మొత్తం 105 మంది కనుక, ఇరువైపులా 52.5 చొప్పున ఉండాలి, బస్సుకు 47.5 చొప్పున. ప్రతి గడిలోనూ వచ్చిన సంఖ్యకూ ఉండవలసిన సంఖ్యకూ గల తేడాను వర్గం చేసి, ఉండవలసిన సంఖ్యతో భాగించి, నాలుగింటినీ కూడితే సుమారు 4.51 వస్తుంది. ఇటువంటి పట్టికకు డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్, అంటే మొత్తాలు తెలిశాక స్వేచ్ఛగా మారగల గళ్ల సంఖ్య, ఒకటే; 5 శాతం స్థాయిలో, అంటే లేని సంబంధాన్ని ఉందని పొరబడే అవకాశం నూటికి ఐదుకు మించకూడదనుకుంటే, హద్దు 3.841. హద్దు దాటింది కనుక పరికల్పనను తిరస్కరిస్తాం. అవే శాతాలు ఇరవైమంది చొప్పున అడిగినప్పుడు వస్తే, అంటే 9 మంది, 12 మంది అయితే, విలువ 0.90 మాత్రమే. శాతాలు గళ్లలో పెట్టడమంటే నలభైమందిని అడిగి రెండువందలమంది సాక్ష్యం చూపడమే.

ఏ గడిలోనైనా ఉండవలసిన సంఖ్య 5 కంటే తగ్గితే, చిన్న సంఖ్యలకూ సరిపోయే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్టు వాడు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. స్టేషన్ మెట్ల దగ్గర గుంపుగా నిలబడ్డ స్నేహితులందరినీ అడిగావా? కలిసి ప్రయాణించేవారి ఆరు జవాబులూ దాదాపు ఒక్క జవాబే, కానీ పరీక్ష వాటిని ఆరుగానే లెక్కించి లేని తేడాను చూపగలదు. గుంపులుగా సేకరించిన సమాచారానికి ఈ పరీక్షను సవరించే పద్ధతిని 1981లో స్కాట్‌తో కలిసి అందించిన గణాంక శాస్త్రవేత్త జె.ఎన్.కె. రావు గారు మన ఏలూరులో పుట్టినవారే. ఆ పద్ధతి తప్పక చదువు. అంతకంటే ముందు, గుంపుకు ఒక్కరినే అడగడం మంచిది.

తేడా తేలినా కారణం తేలినట్టు కాదు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం కనుక అదే కారణమని రాయాలనిపిస్తుంది. సబబైన ఊహే, కానీ బస్సు ఎందుకు ఎక్కారన్న ప్రశ్న నీ ఫారంలో లేదు. అది చేర్చి, మనుషుల సంఖ్యలతో పట్టిక మళ్లీ పంపించు.

ఇట్లు,
మీ నాన్న