గింజలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం ఆరోగ్యం పేజీలో ‘పండు తిని గింజ పారేస్తున్నారా?’ అన్న కథనం వేశారు. నేరేడు, మామిడి, సీతాఫలం గింజలన్నీ మందేనని, పొడి చేసుకుని రోజూ చెంచాడు తినమని అందులో రాశారు. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఈ వారమంతా మా మందుల షాపుకు వచ్చినవాళ్లు దాన్ని ఫోన్‌లో చూపించి “ఈ పొడి ఉందా? షుగర్ మాత్రలు మానేయొచ్చా?” అని అడుగుతుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

నేరేడు గింజను నేనేమీ తీసిపారేయడం లేదు. ఆయుర్వేదంలో మధుమేహానికి ఎప్పటినుంచో వాడుతున్నదే. నేరేడు గింజలో, మామిడి జీడిలో (అదే, టెంక లోపలి పప్పులో) వగరునిచ్చే టానిన్లు దండిగా ఉంటాయి. వాటి సారం గాజు పళ్లెంలో పెంచిన బ్యాక్టీరియాను అడ్డుకుంటుందని ప్రయోగాల్లో తేలింది కూడా. గాజు పళ్లెంలో! మీ విలేకరి ఆ పళ్లెం సంగతి మింగేసి ‘యాంటీబయాటిక్స్‌కు ప్రత్యామ్నాయం’ అని రాసేశారు. పళ్లెంలో చచ్చిన క్రిమి మనిషి ఒంట్లోనూ చస్తుందని ఎవరు హామీ ఇచ్చారు? కిడ్నీ జబ్బున్నవాళ్లు తినొచ్చా, ఇన్సులిన్ వేసుకునేవాళ్ల మాటేమిటి, ఒక్క ముక్క లేదు. ‘రోజూ చెంచాడు’ అట. టీ చెంచానా, గరిటా?

అసలు ఒళ్లు మండింది సీతాఫలం గింజ దగ్గర. దాన్నీ తీసుకొచ్చి అదే వరుసలో కూర్చోబెట్టారు. పేలు పోవాలని ఆ గింజ నూరి తలకు పట్టించడం మన ఊళ్లలో పాత అలవాటే. ఆ పిండి కంట్లో పడితే నల్లగుడ్డు మీద పొర లేచిపోయి, వెలుతురు చూడలేక మనిషి విలవిల్లాడిపోతాడు. ఏ కంటి డాక్టరును అడిగినా చెప్పేవారు. అడగడానికి తీరిక ఉండాలిగా.

మామిడి టెంకదీ అంతే. మన్యంలో, ఒడిశా కొండల్లో పేదవాళ్లు జీడిని నానబెట్టి, నీళ్లు వంపి, పిండి చేసి అంబలి కాచుకుంటారు. సరదాకి కాదు, తిండి చాలక. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్‌లో, మళ్లీ 2024లో కంధమాల్ జిల్లాలో టెంక అంబలి తాగినవాళ్లు చనిపోయారు. ‘పోషకాల గని’ అని రాసేటప్పుడు నిల్వ ఉంచిన జీడికి బూజు పడితే ఏమవుతుందో ఒక్క వాక్యం రాయలేరా?

షుగర్ నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచి చట్టం ఉంది. మీ కథనం కిందనే ‘షుగర్‌కు శాశ్వత పరిష్కారం’ అని పొడి డబ్బా ప్రకటన! మా షాపులో ఫ్రిజ్ టెంపరేచర్ రిజిస్టరు తిరగేసే తనిఖీ అధికారులకు, ఎదుటి ఫుట్‌పాత్ మీద లేబుల్ లేని పొట్లాలు అమ్మే బల్ల ఎన్నడూ కనపడదు. వాళ్లకు దూరపు చూపు ఆనదేమో.

గింజ మీద అంత ప్రేమే ఉంటే సీజన్‌లో మా చిత్తూరు రండి. గుజ్జు ఫ్యాక్టరీల బయట తోతాపురి టెంకలు గుట్టలుగా కుళ్లి, ఈగలతో, కంపుతో ఆ దారిన బండి మీద పోలేం. ఆ జీడిలోని కొవ్వును చాక్లెట్‌లో 5 శాతం దాకా కలుపుకోవడానికి అనుమతించిన ఆరు కొవ్వుల్లో ఒకటిగా యూరప్ చట్టంలో రాసుకున్నారు. 2025లో కాయ ధర పడిపోతే కిలోకు 4 రూపాయలు ఇచ్చి చేతులు దులుపుకున్న సర్కారుకు టెంక ఎక్కడ గుర్తుంటుంది?

సవరణ వేయండి. ఏడో పేజీ మూలన కాదు, అదే ఆరోగ్యం పేజీలో, అంతే సైజులో. సీతాఫలాలు అప్పుడే బండ్ల మీదకు వచ్చేశాయి.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
చిత్తూరు