ఆ పాత రంగును గీకేయకండి

సంపాదకులకు నమస్కారం.

బ్రిటిష్ పాత కార్లు వేలంలో పలుకుతున్న ధరల మీద మీరు వేసిన కథనం చదివాను. నేను కోవెంట్రీ దగ్గర ఒక వర్క్‌షాప్‌లో ఇలాంటి బండ్లను విప్పి బాగుచేసే మెకానిక్‌ని. ఆస్టన్ మార్టిన్ డీబీఆర్1 అనే పాత రేసు కారు 2017లో కాలిఫోర్నియాలో 2 కోట్ల 25 లక్షల డాలర్లు దాటి అమ్ముడైంది. అంతకు ముందు ఏడాది, ఫ్రాన్స్‌లో 24 గంటలు నడిచే లె మాన్స్ రేసును 1956లో గెలిచిన జాగ్వార్ డీ-టైప్ 2 కోట్ల 17 లక్షలు దాటింది. ఇవి వార్తలే, కాదనను. కానీ ఆ ధరలు చూసి మామూలు పాత బండ్ల యజమానులు ఏం చేస్తున్నారో రోజూ కళ్లారా చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం.

ధర పెరగడం వల్ల మేలు జరగలేదని అనను. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైన చిన్న స్పోర్ట్స్ కారు ఎంజీబీనే తీసుకోండి. తలుపుల కింది సిల్స్ తుప్పు పట్టాయంటే చాలు, ఒకప్పుడు నేరుగా తుక్కు కిందకు తోసేసేవారు. ఇప్పుడు దానికి కొత్త బాడీ షెల్, అంటే ఇంజిన్ లాంటివేవీ బిగించని ఖాళీ బాడీ కూడా దొరుకుతోంది. కారుకు విలువ లేకపోతే ఆ విడిభాగాలు ఎవరు తయారుచేస్తారు? మా జీతాలు కూడా అందులోంచి వచ్చేవే.

బాధ కలిగించేది వేరే ఉంది. నిరుడు వేల్స్ నుంచి ఒక సిరీస్ వన్, అంటే మొదటి తరం ల్యాండ్ రోవర్ వచ్చింది. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కుకు కరువు కావడంతో రోవర్ కంపెనీ దీని బాడీని అల్యూమినియం మిశ్రమంతో చేసింది. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ షోలో పెట్టినప్పుడు ధర 450 పౌండ్లు. ఈ బండి పుట్టినప్పటి నుంచీ గొర్రెల ఫారంలోనే ఉంది. వెనక తలుపు పై అంచున రంగంతా అరిగిపోయి అల్యూమినియం తేలింది, కుక్కలు ఎక్కి దిగిన చోటు అది. పక్క ప్యానెల్ మీద ఎవరో బ్రష్‌తో వేసిన పచ్చరంగు, వేలితో తడిమితే ఆ బ్రష్ గీతలు తగులుతాయి. దాని కింద ఫ్యాక్టరీ రంగు ఇంకా ఉంది. పాడైందల్లా ఉక్కుతో చేసిన బల్క్‌హెడ్ (ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య ఉండే అడ్డుగోడ), చాసిస్ (అడుగు చట్రం)లో కొన్ని చోట్లు. వాటికి వెల్డింగ్ చేసి, బ్రేకులు సరిచేసి, మిగతాది ముట్టుకోకుండా వదిలేద్దామని చెప్పాం. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాం. యజమాని వినలేదు. అద్దంలా మెరిస్తేనే వేలంలో రేటు వస్తుందని మరో చోటికి తీసుకెళ్లాడు. తర్వాత ఫోటోలు చూశాను. ఫ్యాక్టరీ నుంచి కూడా ఏ ల్యాండ్ రోవరూ అంత నున్నగా బయటికి రాలేదు. ఆ ఫారం, ఆ కుక్కలు, ఆ బ్రష్ పట్టిన మనిషి, ఏదీ మిగల్లేదు.

రేటు కోసమే అనుకుంటే ఆ లెక్క కూడా సరైనది కాదు. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్‌లోని బోడ్మిన్ మూర్ ప్రాంతంలో, కొట్టాల్లో యాభై ఏళ్లకు పైగా పడి ఉన్న బ్రఫ్ సుపీరియర్ మోటార్‌సైకిళ్లు 2016లో వేలానికి వచ్చాయి. తుప్పు పట్టి, భాగాలు ఊడిపోయి ఉన్నాయి. ఎవరూ తుడవలేదు, రంగు వేయలేదు. వాటిలో నాలుగు సిలిండర్ల బండి ఒకటి 3,31,900 పౌండ్లు పలికింది. పైన చెప్పిన డీ-టైప్‌కి అంత ధర రావడానికి రేసు గెలవడం ఎంత కారణమో, చాలావరకు మొదటి రూపంలోనే నిలిచి ఉండటం కూడా అంతే కారణం. కొనేవాళ్లకు ఆ తేడా తెలుసు. అమ్మేవాళ్లే తొందరపడుతున్నారు.

మీ కథనం వచ్చాక ఇక్కడి మనవాళ్లు కొందరు ఫోన్ చేశారు. "అన్నా, ఒక ఎంజీబీ కొని గ్యారేజీలో పడేస్తే పదేళ్లకి ఎంతవుతుంది?" అని. బ్రిటన్‌లో కారు అమ్మగా వచ్చిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ లేదు, నలభై ఏళ్లు దాటిన బండికి రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు. ఆశ పుట్టడం సహజమే. కానీ కారు బంగారం కాదు, బీరువాలో పెడితే అలాగే ఉండటానికి. కదలని కారులో బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని వీల్ సిలిండర్లలో పిస్టన్లు పట్టేస్తాయి. 2021 నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్‌లో ఇథనాల్ 10 శాతం దాకా ఉంటోంది. అది ట్యాంకులో నిలవుంటే నీరు చేరుతుంది, పాతకాలం రబ్బరు గొట్టాలు చీకిపోతాయి. మూడేళ్లు ఆపేసిన బండిని నడిపించడానికి అయ్యే ఖర్చు విన్నాక చాలామంది నోరు తెరుస్తారు.

కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇది. మెరుపు చూసి మోసపోవద్దు, పైన పటారం లోన లొటారం బండ్లు ఇప్పుడు చాలా తిరుగుతున్నాయి. పాత బిల్లుల ఫైలు అడగండి. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. ఎంజీ, ల్యాండ్ రోవర్ లాంటి వాటికి అది తెప్పించుకుని, ఇంజిన్ నంబరు, మొదటి రంగు సరిపోతున్నాయో లేదో చూసుకోండి.

మీరు కూడా ఈసారి వేలం వార్త వేసేటప్పుడు ధరతో పాటు మరో రెండు సంగతులు రాయండి: ఆ బండిలో మొదటి ఇంజిన్, మొదటి బాడీ ఉన్నాయా, అది చివరిసారి రోడ్డెక్కింది ఎప్పుడు. వేలం కేటలాగ్‌లో చాలాసార్లు ఈ వివరాలు ఉంటాయి.

ఇట్లు,
పాత కార్ల మెకానిక్, కోవెంట్రీ