దారం ఎక్కించి ఇచ్చిన చేతులకు

అందరికీ వందనాలు.

ఆదివారం ఆరాధన చివర్లో సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు పిలిస్తే లేచి నిలబడ్డాను. నాలుగు మాటలు చెప్పేసరికి గొంతు పూడుకుపోయింది. "అందరికీ థ్యాంక్స్" అని కూర్చున్నాను. ఇంటికొచ్చాక మనసు ఒప్పుకోలేదు. ఎవరెవరు ఏం చేశారో నాకు తెలుసు గానీ, చేసినవాళ్లలో ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. అందుకే అమ్మ చెయ్యి విరిగిన ఆ వారమంతా వివరంగా రాస్తున్నాను. పేర్లు రాయొద్దని ఇద్దరు ముందే మాట తీసుకున్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరి గురించో మీకే తెలిసిపోతుంది.

సోమవారం పొద్దున్నే అమ్మ బాత్రూమ్ గుమ్మం దగ్గర జారింది. పడకుండా ఆపుకోవాలని కుడి అరచెయ్యి నేలకు ఆనించేసరికి ఒంటి బరువంతా మణికట్టు మీద పడింది. మా ఆయన ఆఫీసు పని మీద ఊరికి వెళ్లారు, గురువారం రాత్రికి గానీ రారు. ఆదివారం సండే స్కూల్ పిల్లల నాటిక. 18 మందికి బట్టలు కుట్టి ఇస్తానని నెల ముందే మాటిచ్చాను. అదే ఆదివారం మా బాబు మొదటిసారి ఆరాధనలో కీబోర్డు వాయించాలి. పాపకు నాటికలో వేషం. అన్నీ మేం ఎంతో ఎదురుచూసిన పనులే. అవన్నీ అమ్మ చెయ్యి విరిగిన వారంలోనే వచ్చి పడ్డాయి.

ఫోన్ చేసిన పది నిమిషాలకే నర్సు అక్క మా గుమ్మంలో ఉన్నారు. నైట్ డ్యూటీ దిగి వచ్చారు, ఇంకా కన్ను కూడా మూయలేదు. నేను అమ్మ మణికట్టు చూపిస్తుంటే అక్క ముందు వేలు చూశారు. "ఉంగరం ఇప్పుడే తీసేయాలి. వాపు ఇంకా పెరిగిందంటే కట్ చేయాల్సి వస్తుంది" అన్నారు. అది అమ్మ పెళ్లి ఉంగరం. 41 ఏళ్లలో ఒక్కసారి కూడా తీయలేదు. నాన్న పోయాక దాన్ని తిప్పుకుంటూ కూర్చోవడం అమ్మకు అలవాటు. కట్ చేయడం అనే మాట వినగానే నొప్పికి ఏడవని మనిషి ఏడ్చేసింది.

సబ్బు రాసి చూశాం, కణుపు దగ్గర ఆగిపోయింది. అప్పుడు అక్క "నీ దగ్గర సన్నటి గట్టి దారం ఉంటుందిగా, తీసుకురా" అన్నారు. కుట్టు పెట్టెలోంచి తెచ్చిచ్చాను. దారం కొసను ఉంగరం కింద నుంచి అరచేతి వైపుకు దూర్చారు. మిగతా దారాన్ని ఉంగరం అంచు నుంచి మొదలుపెట్టి, కణుపు దాటేదాకా వేలి చుట్టూ, మధ్యలో సందు లేకుండా బిగువుగా చుట్టుకుంటూ వెళ్లారు. తర్వాత అరచేతి వైపున్న కొస పట్టుకుని గోటి వైపుకు లాగుతూ మెల్లగా విప్పడం మొదలుపెట్టారు. దారం ఒక్కో చుట్టూ విడుతుంటే ఉంగరం ఒక్కో చుట్టూ ముందుకు జరిగింది. కణుపు మీద ఒక క్షణం ఆగి, జారి అక్క చేతిలో పడింది. గీత కూడా పడలేదు. అక్క దాన్ని తుడిచి అమ్మ ఎడమ చేతిలో పెట్టి గుప్పిట మూశారు. అక్కా, ఆ దారం ముక్కని అమ్మ పారేయనివ్వలేదు. బైబిలులో పెట్టుకుంది.

ఎక్స్‌రేలో మణికట్టు దగ్గర, ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ ఎముక విరిగినట్టు తేలింది. ఆపరేషన్ అక్కర్లేకుండా సరిచేసి కట్టు వేశారు. 6 వారాలు ఉంచాలన్నారు. ఆ రాత్రి ఏం చూసుకోవాలో కూడా అక్కే నేర్పారు. చెయ్యి దిండ్ల మీద గుండె కంటే ఎత్తులో ఉంచాలి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గోరు నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగులోకి రావాలి. రాత్రి రెండింటికి అమ్మ నిద్రలో ఉండగా ఫోన్ లైటు వేసి ఒక్కో గోరూ నొక్కి చూసుకున్నాను. రంగు తిరిగి వచ్చిన ప్రతిసారీ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఏం చూడాలో తెలియకపోతే ఆ రాత్రంతా భయంతోనే గడిచేది.

మంగళవారం నుంచి ఫోన్లు. "ఏ అవసరమున్నా చెప్పు" అని ఎంతోమంది అన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ ఆ రెండు రోజులూ నా బుర్ర ఎంత మొద్దుబారిపోయిందంటే, ఏం కావాలో చెప్పడం కూడా ఒక పనిలా అనిపించింది. స్త్రీల కూడికలో నా వెనక వరుసలో కూర్చునే చెల్లెలు మాత్రం ఇలా మెసేజ్ పెట్టింది: "ఈ రోజు నుంచి శుక్రవారం దాకా రాత్రి వంట మాది. ఏడింటికి తెస్తాను. గిన్నెలు కడగొద్దు, అలాగే ఇచ్చేయండి." నేను "సరే" అని ఒక్క మాట రాస్తే సరిపోయింది. అమ్మా, నీ ఇంట్లో ఏడాది నిండని పాప ఉంది. ఆ పిల్లని చంకనేసుకుని నాలుగు రోజులూ మెట్లెక్కి వచ్చావు. నేనది మర్చిపోను.

ఇక బుధవారం. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే.

నాటిక దొర్కా కథ. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పే పట్టణంలో ఉన్న తబితా, గ్రీకులో ఆమె పేరు దొర్కా. రెండు పేర్లకూ అర్థం లేడి అనే. ఆమె చనిపోతే విధవరాండ్రందరూ యేసు శిష్యుడైన పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆమె తమతో ఉండగా కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపిస్తారు. చిన్నప్పటి నుంచీ నాకు ఇష్టమైన చోటు అది. ఒక మనిషి ఎలాంటిదో చెప్పడానికి వాళ్ల దగ్గర మాటలు లేవు, ఆమె కుట్టిన గుడ్డలు ఉన్నాయి. అందుకే ఈ నాటికకు బట్టలు నా చేత్తో కుట్టాలని ఆశపడ్డాను. సంఘంలో వాళ్లు ఇళ్లల్లోంచి పాత దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చారు. 18 అంగీలకు 36 ముక్కలు ముందు వారమే కత్తిరించి పెట్టుకున్నాను.

పిల్లల్ని బడికి పంపి, అమ్మకు మందులు వేసి మిషన్ ముందు కూర్చున్నాను. రెండో అంగీ దగ్గరే ఆగిపోయింది. పైన చూస్తే కుట్టు బాగానే ఉంది, గుడ్డ తిప్పితే కింద దారమంతా గూడులా చిక్కుపడిపోయింది. చిక్కు కింద ఉంది కాబట్టి తప్పూ కిందే అనుకున్నాను. కింది దారం చుట్టి ఉండే బాబిన్ తీసి మళ్లీ చుట్టాను. బాబిన్ కేసు విప్పి దుమ్ము దులిపాను, నూనె వేశాను, సూది మార్చాను. మళ్లీ అదే. గంటన్నర పోయింది. టెన్షన్‌తో చేతులు వణకడం మొదలైంది.

అప్పటికే ముగ్గురు నలుగురు నా మంచి కోరి "ఈసారికి బట్టలు అద్దెకు తెచ్చేద్దాం" అన్నారు. సబబైన మాటే. కానీ కుట్టు నాకు బరువు కాదు. అందరూ పడుకున్నాక ఓ అరగంట మిషన్ మీద కూర్చుంటే ఆ రోజు పడిన అలసటంతా దిగిపోతుంది. ఇంట్లో నాకంటూ ఉన్న చోటు అది. అదీ చేజారిపోతుంటే తట్టుకోలేక, టైలరింగ్ చేసే అక్కకు "కుదరదేమో అక్కా" అని వాయిస్ మెసేజ్ పెట్టాను.

మధ్యాహ్నం మూడింటికి అక్క తన కత్తెర పట్టుకుని వచ్చారు. ఆవిడ తలచుకుంటే ఆ అంగీలన్నీ ఇంటికి తీసుకెళ్లి ఒక్క రాత్రిలో కుట్టేయగలరు. అలా అనలేదు. "దారం మొత్తం తీసేసి మొదట్నుంచి ఎక్కించు, నేను చూస్తా" అని పక్కన కుర్చీ వేసుకున్నారు. నేను ఎక్కిస్తుంటే సగంలో "ఆగు, ఫుట్ కిందకి దించి ఉంది చూడు" అన్నారు. గుడ్డను నొక్కి పట్టే ఆ ఫుట్ దించి ఉంటే, పైన దారానికి బిగువునిచ్చే టెన్షన్ దగ్గరున్న రెండు బిళ్లలూ దగ్గరకు బిగుసుకుని ఉంటాయట. దారం వాటి మధ్యలోకి దిగకుండా పైపైన జారిపోతుంది. పైదారానికి బిగువు లేకపోతే అది కిందకి ఎక్కువెక్కువ వెళ్లి అక్కడ ఉండలు కడుతుంది. ఫుట్ పైకెత్తి ఎక్కిస్తే బిళ్లలు విడి ఉంటాయి, దారం సరిగ్గా కూర్చుంటుంది. "కింద చిక్కు పడితే ముందు పైదారం చూసుకో" అన్నారు. ఆ రోజు హడావిడిలో నేను ఫుట్ దించే ఎక్కించాను. ఓ పీలిక మీద కుట్టి చూస్తే రెండు వైపులా కుట్టు సమంగా పడింది.

తర్వాత అక్క కింద చాప మీద కూర్చుని మెడలు కత్తిరించడం మొదలుపెట్టారు. మిషన్ నాకే వదిలేశారు. నిర్గమకాండము 17వ అధ్యాయంలో, కింద యుద్ధం జరుగుతుంటే కొండ మీద ఎత్తి పట్టుకున్న మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరొక పక్క నిలబడి ఆ చేతులు పట్టుకున్నారు. ఆయన్ని పక్కకు తప్పించి కొండ మీద ఆయన చోటులో తాము నిలబడలేదు. ఎన్నోసార్లు విన్న భాగమే, బుధవారం మధ్యాహ్నం మా గదిలో నాకు అర్థమైంది.

ఇంకొకటి కూడా ఆ అక్కే చేశారు. అమ్మకు క్రోషే అల్లడం ప్రాణం. కట్టు వేసిన దగ్గర్నుంచి ఆ ఊలు బుట్ట వైపు కన్నెత్తి చూడలేదు, గోడ వైపు తిరిగి పడుకునేది. వేళ్లు బిగుసుకుపోకుండా ఆడిస్తూ ఉండాలని డాక్టరు చెప్పినా, నేను గుర్తు చేస్తే తప్ప కదిపేది కాదు. అక్క బొత్తాల డబ్బా అమ్మ ముందు బోర్లించి, "అమ్మా, మెడ దగ్గర పెట్టడానికి ఒక్కో రంగువి మూడేసి కావాలి, ఏరి పెడతారా" అన్నారు. అమ్మ ముందు ఎడమ చేత్తోనే ఏరింది. కాసేపటికి కట్టులోంచి బయటికి ఉన్న వేళ్ల కొసలతో ఒక నీలం బొత్తాం పట్టుకోబోయింది. జారింది. మళ్లీ జారింది. మూడోసారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలబడింది. దాన్ని తీసుకెళ్లి నీలం కుప్పలో వేసి, ఇంకో దానికి చెయ్యి చాపింది. అక్కా నేనూ చూశాం, ఇద్దరం ఏమీ అనలేదు. సాయంత్రానికి 18 కుప్పలూ తయారయ్యాయి. ఆ రాత్రి అమ్మ తనంతట తనే వేళ్లు ముడుస్తూ, చాపుతూ లెక్కపెట్టుకుంది.

బాబు విషయంలో క్వయర్‌లో పెద్దాయనకు, మా పిల్లలు తాతగారూ అని పిలిచే ఆయనకు, ఎలా చెప్పాలో తెలియడం లేదు. పాట మూడు దెబ్బల తాళం, వాడేమో కంగారులో నాలుగు దెబ్బలకు వెళ్లిపోతున్నాడు. తాతగారు గురు, శుక్ర, శనివారాలు మూడు సాయంత్రాలూ మా ఇంటికొచ్చారు. మొదటి రోజు కీబోర్డు ఆన్ చేయనివ్వలేదు. బల్ల మీద ఒకటి గట్టిగా, రెండు మెల్లగా తట్టించి, తట్టుతూనే పాడించారు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

పక్కింటి పాపా, మొక్కలకు నీళ్లు పోసినందుకు చాలా థ్యాంక్స్ తల్లీ. మట్టిలో వేలు పెట్టి చూసి, ఆరినవాటికే పోశావని నువ్వు రాసిపెట్టిన చీటీలో చదివాను. ఒక్కటి కూడా వాడిపోలేదు.

శనివారం రాత్రి పదిన్నరకు చివరి అంగీ అయింది. మా ఆయన బొత్తాలు కుట్టారు, పాప మడతలు పెట్టింది. ఆదివారం పిల్లలు విధవరాండ్రుగా నిలబడి తమ అంగీలు పేతురుకు చూపించే చోట, రెండో వరుసలో ఉన్న అమ్మ ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుంది. బాబు చివరిదాకా తాళం తప్పలేదు.

కట్టు విప్పడానికి ఇంకా 5 వారాలు ఉంది. ప్రార్థనల్లో అమ్మని గుర్తుంచుకోండి. అంగీలు ఉతికి సండే స్కూల్ బీరువా కింది అరలో పెట్టాను, ఎవరికి కావాలన్నా వాడుకోండి. టైలరింగ్ అక్కా, మీ కత్తెర మా ఇంట్లోనే ఉండిపోయింది. బుధవారం కూడికకు తెస్తాను. అమ్మ దానికి తొడుగు అల్లిస్తోంది. తను పక్కన కూర్చుని లెక్క చెబుతుంటే పాప అల్లుతోంది, ఇప్పటికి నాలుగు వరుసలయ్యాయి.